డేటా ఫైల్ 10 శాతం చొప్పున పెరిగేటప్పుడు ఇన్సర్ట్‌లన్నీ ఆగిపోతున్నాయి, టేబుల్ రోలు (వరసలు) తీసేసినా డిస్క్ ఖాళీ కావట్లేదు (ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017)

తుంగభద్ర21

అందరికీ నమస్కారం. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017 స్టాండర్డ్ ఎడిషన్, విండోస్ సర్వర్ 2016. బిల్లింగ్ డేటాబేస్. డేటా ఫైల్ ఒక్కటే, 380 జీబీ. లాగ్ ఫైల్ (ప్రతి మార్పునూ రాసుకునే ఫైల్) 46 జీబీ. రెండూ 500 జీబీల డి డ్రైవ్‌లోనే ఉన్నాయి. రెండింటికీ ఆటోగ్రోత్ (నిండినప్పుడు ఫైల్ దానంతటది పెరిగే అడుగు) 10 శాతం అని పెట్టి ఉంది. నెలకు దాదాపు 6 జీబీల కొత్త డేటా చేరుతుంది. రికవరీ మోడల్ ఫుల్.

సోమవారం మధ్యాహ్నం ఇన్సర్ట్‌లన్నీ ఒక్కసారిగా నిలబడిపోయాయి. సెలెక్ట్‌లు మాత్రం మామూలుగానే నడిచాయి. అప్లికేషన్‌లో కమాండ్ టైమ్‌అవుట్ 30 సెకన్లు. ఎర్రర్ లాగ్ తెరిస్తే 5144 నంబరు ఎర్రర్ వరసగా ఉంది: ఆటోగ్రో 30000 మిల్లీసెకన్ల తర్వాత క్యాన్సిల్ అయిందనో, టైమ్‌అవుట్ అయిందనో. పాత బిల్లుల హిస్టరీ టేబుల్ నుంచి 4000 రోల చొప్పున, మధ్యమధ్యలో లాగ్ బ్యాకప్ తీస్తూ, మొత్తం 90 జీబీల డేటా డిలీట్ చేశాక గానీ పూర్తిగా తేరుకోలేదు.

నా ప్రశ్నలు మూడు. డిస్క్‌లో 74 జీబీ ఖాళీ ఉండగా ఫైల్ ఎందుకు పెరగలేకపోయింది? 10 శాతానికి బదులు ఎంత పెట్టాలి? 90 జీబీ తీసేసినా విండోస్‌లో డి డ్రైవ్ ఖాళీ ఒక్క జీబీ కూడా పెరగలేదు, పైగా చోటు లెక్క చూపే ఎస్‌పీ_స్పేస్‌యూజ్డ్ కమాండ్ అన్‌అలొకేటెడ్ (దేనికీ కేటాయించని చోటు) కింద 11 జీబీ మాత్రమే చూపిస్తోంది. మిగతా 79 జీబీ ఎక్కడుంది?

మంజీర

ముందు ఒక విషయం విడదీసి చూడాలండి. ఫైల్ పెరగడం వేరు, టేబుల్‌కు చోటు దొరకడం వేరు. మీ మూడు ప్రశ్నలూ ఈ రెండింటి మధ్యే ఉన్నాయి.

డేటా ఫైల్ లోపల అంతా 8 కేబీ పేజీలు. వరసగా ఉన్న 8 పేజీలు కలిస్తే ఒక ఎక్స్‌టెంట్, అంటే 64 కేబీ. ఏ ఎక్స్‌టెంట్ ఖాళీగా ఉందో గుర్తుపెట్టుకోడానికి గామ్ అనే పేజీలు ఉంటాయి. ఎక్స్‌టెంట్‌కు ఒక బిట్ చొప్పున, ఒక్కో గామ్ పేజీ దాదాపు 4 జీబీల లెక్క చూస్తుంది. వీటికి తోడు పీఎఫ్ఎస్ పేజీలు పేజీకి ఒక బైట్ చొప్పున ఒక్కొక్కటి 8088 పేజీల లెక్క పెట్టుకుంటాయి. ఇన్సర్ట్‌కు కొత్త పేజీ కావాలంటే సర్వర్ ముందు ఆ టేబుల్‌కు ఇప్పటికే ఇచ్చిన ఎక్స్‌టెంట్లలో వెతుకుతుంది. అక్కడ లేకపోతే గామ్ చూసి కొత్త ఎక్స్‌టెంట్ ఇస్తుంది. ఫైల్ గ్రూప్‌లోని ఏ ఫైల్‌లోనూ ఖాళీ ఎక్స్‌టెంట్ లేనప్పుడే ఆటోగ్రో మొదలవుతుంది. ముందుచూపుతో రాత్రిపూట పెంచి పెట్టుకోవడం అనేది ఉండదు. చివరి ఎక్స్‌టెంట్ అయిపోయిన క్షణంలో ఎవరి ఇన్సర్ట్ వచ్చిందో, ఆ సెషన్ లోపలే ఫైల్ పెరుగుతుంది. కొత్త చోటు కావలసిన మిగతా సెషన్లన్నీ దాని వెనక క్యూ కడతాయి. చదివేవాళ్లకు కొత్త చోటు అక్కర్లేదు కాబట్టి మీ సెలెక్ట్‌లు నడిచాయి.

ఇప్పుడు మీ లెక్క. 380 జీబీలో 10 శాతం అంటే 38 జీబీ. ఇన్‌స్టంట్ ఫైల్ ఇనిషియలైజేషన్ ఆన్‌లో లేకపోతే ఆ 38 జీబీల నిండా సర్వర్ సున్నాలు రాస్తుంది. డిస్క్ సెకనుకు 200 ఎంబీ రాయగలదనుకున్నా 195 సెకన్లు, అంటే మూడు నిమిషాల పైన. మీ టైమ్‌అవుట్ 30 సెకన్లు. 30 సెకన్లకు క్లయింట్ చేతులెత్తేయగానే గ్రోత్ క్యాన్సిల్ అవుతుంది, అప్పటిదాకా రాసినదంతా వృథా. తర్వాతి ఇన్సర్ట్ మళ్లీ మొదటి సున్నా నుంచి మొదలుపెడుతుంది. మీ ఎర్రర్ లాగ్‌లో 5144 వరసగా కనబడటానికి కారణం అదే. ఆ సమయంలో వెయిట్‌లు చూసి ఉంటే ప్రీఎంప్టివ్_ఓఎస్_రైట్‌ఫైల్‌గ్యాదర్ అనేది పైన కనబడేది. సున్నాలు రాస్తున్నప్పుడు వచ్చే వెయిట్ అది.

అంటే డిస్క్‌లో చోటు లేక కాదు, 30 సెకన్లలో తీసుకోలేనంత చోటు ఒక్కసారిగా అడగడం వల్ల ఆగింది. చోటు లేక ఆగి ఉంటే 1105 వచ్చేది, దాంతోపాటు ఆపరేటింగ్ సిస్టమ్ ఎర్రర్ 112 కూడా. ఈ 10 శాతాన్ని అలాగే ఉంచితే మీరు అక్కడికీ చేరతారు. 418 అయ్యాక తర్వాతి అడుగు దాదాపు 42 జీబీ. లాగ్ 46తో కలిపితే 506 జీబీ, డ్రైవ్ 500. డిస్క్‌లో 36 జీబీ మిగిలి ఉన్నా 42 పట్టదు కాబట్టి గ్రోత్ ఫెయిల్ అవుతుంది. పట్టినంత మేరకు తీసుకోవడం ఉండదు. శాతం లెక్కలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. ఫైల్ చిన్నగా ఉన్నప్పుడు అడుగు మరీ చిన్నది, పెద్దదయ్యేకొద్దీ అడుగు కూడా మోయలేనంత పెద్దదవుతుంది. 2016 వెర్షన్ నుంచి కొత్త డేటాబేస్‌లకు డిఫాల్ట్ 64 ఎంబీ అయింది గానీ, అంతకుముందు పెట్టినవి అప్‌గ్రేడ్ చేసినా మారవు.

చేయాల్సినవి:

ముందు ఇన్‌స్టంట్ ఫైల్ ఇనిషియలైజేషన్. లోకల్ సెక్యూరిటీ పాలసీ తెరిచి, లోకల్ పాలసీస్‌లో యూజర్ రైట్స్ అసైన్‌మెంట్‌కు వెళ్లి, పెర్ఫార్మ్ వాల్యూమ్ మెయింటెనెన్స్ టాస్క్స్ అనేదానికి ఎస్‌క్యూఎల్ సర్వీస్ ఏ అకౌంట్‌తో నడుస్తోందో ఆ అకౌంట్‌ను చేర్చండి. ఏజెంట్ (షెడ్యూల్ జాబ్‌లు నడిపే సర్వీస్) అకౌంట్‌ను చేర్చి పని కాలేదని వెతుక్కునేవాళ్లు చాలామంది, అక్కడ జాగ్రత్త. తర్వాత సర్వీస్ రీస్టార్ట్ చేయాలి, లేకపోతే హక్కు అమల్లోకి రాదు. ఎర్రర్ లాగ్ మొదట్లో ఇన్‌స్టంట్ ఫైల్ ఇనిషియలైజేషన్ ఎనేబుల్డ్ అని ఒక లైను వస్తుంది. దాన్ని చూశాకే తర్వాతి పనికి వెళ్లండి. ఇది ఉంటే డేటా ఫైల్ పెరిగినప్పుడు సున్నాలు రాయకుండా చోటు మాత్రమే తీసుకుంటుంది. డిస్క్‌లో అంతకుముందు ఎవరో డిలీట్ చేసిన ఫైళ్ల బైట్లు కొత్త పేజీ రాసేవరకూ అలాగే ఉంటాయి. ఆ డ్రైవ్‌ను వేరే టీమ్‌తో పంచుకుంటుంటే సెక్యూరిటీ వాళ్లకు ఈ సంగతి చెప్పి చేయండి.

రెండోది, మేనేజ్‌మెంట్ స్టూడియోలో డేటాబేస్ ప్రాపర్టీస్, ఫైల్స్ పేజీలో డేటా ఫైల్ గ్రోత్‌ను శాతం నుంచి మెగాబైట్లలోకి మార్చి 1024 పెట్టండి. సర్వీస్ రీస్టార్ట్‌కు అనుమతి దొరికేవరకూ 256 పెట్టండి. సున్నాలు రాసినా సెకనున్నరలో అయిపోతుంది. ఈ మార్పుకు డౌన్‌టైమ్ అక్కర్లేదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఆటోగ్రో మీద ఆధారపడకండి. నెలకు 6 జీబీ అని మీకు తెలుసు. ఏడాదికి కావలసింది ఒక రాత్రి మీరే సైజ్ పెంచి పెట్టుకోవాలి. ఆటోగ్రో అనేది లెక్క తప్పిన రోజు పనికొచ్చే ఏర్పాటు, అంతవరకే.

79 జీబీ సంగతికి వస్తే, ఆ హిస్టరీ టేబుల్‌కు క్లస్టర్డ్ ఇండెక్స్ (రోలను ఒక కాలమ్ వరసలో పేర్చేది) ఉందా? అది లేకుండా హీప్‌గా, అంటే రోలు ఏ వరసా లేకుండా ఉంటే జవాబు అక్కడే ఉంది.

తుంగభద్ర21

ధన్యవాదాలు మంజీర గారూ. అవును, హీప్. మూడు నాన్‌క్లస్టర్డ్ ఇండెక్స్‌లు ఉన్నాయి. ఎస్‌పీ_స్పేస్‌యూజ్డ్‌కు టేబుల్ పేరు ఇచ్చి చూస్తే డేటా 9 జీబీకి మించి ఉండకూడదు, కానీ 85 జీబీ దాటి చూపిస్తోంది.

మంజీర

అయితే అదే. హీప్ నుంచి మామూలు డిలీట్ చేస్తే పేజీలో రోలన్నీ పోయినా ఆ ఖాళీ పేజీ టేబుల్ పేరు మీదే ఉండిపోతుంది, తిరిగి గామ్ లెక్కలోకి రాదు. డిలీట్‌కు ట్యాబ్‌లాక్ హింట్ ఇస్తే మొత్తం టేబుల్ మీద లాక్ ఉంటుంది కాబట్టి ఖాళీ పేజీలను వదిలేస్తుంది. మీరు 4000 చొప్పున చేశారు, అంటే రో లాక్‌లు, పేజీ లాక్‌లతోనే నడిచి ఉంటుంది. మీకు దక్కిన 11 జీబీ నాన్‌క్లస్టర్డ్ ఇండెక్స్‌ల నుంచి వచ్చింది, ఎందుకంటే ఇండెక్స్ పేజీ ఖాళీ అయితే ఘోస్ట్ క్లీనప్ అనే వెనక నడిచే పని దాన్ని విడుదల చేస్తుంది. హీప్‌లో మిగిలిన 79 జీబీ ఖాళీ పేజీలను ఆ టేబుల్‌కు వచ్చే కొత్త రోలు వాడుకోగలవు గానీ, మీ రోజువారీ బిల్లుల టేబుల్‌కు అందవు.

ఆల్టర్ టేబుల్ రీబిల్డ్ చేస్తే ఆ పేజీలు వెనక్కి వస్తాయి. రీబిల్డ్ అంటే మిగిలిన డేటాను కొత్త చోట రాసి, పాతది వదిలేయడం. కాబట్టి కాసేపు రెండు కాపీలకూ చోటు కావాలి. మిగిలింది 9 జీబీ, ఖాళీ 11 జీబీ. ఇరుకుగా ఉంది. ముందు ఫైల్‌ను 388 జీబీకి మీరే పెంచి అప్పుడు రీబిల్డ్ చేయండి. ఫుల్ రికవరీలో ఇదంతా లాగ్‌లోకి కూడా వెళ్తుంది, మీ 46 జీబీల్లో సరిపోతుంది. హీప్ రీబిల్డ్‌లో నాన్‌క్లస్టర్డ్ ఇండెక్స్‌లు కూడా మళ్లీ కడుతుంది. స్టాండర్డ్ ఎడిషన్‌లో ఆన్‌లైన్ రీబిల్డ్ లేదు కాబట్టి అంతసేపూ టేబుల్ లాక్‌లో ఉంటుంది, రాత్రి పెట్టుకోండి.

వీలైతే బిల్లు తేదీ మీద క్లస్టర్డ్ ఇండెక్స్ కట్టండి. పాత తేదీలన్నీ ఒక పక్కనే ఉంటాయి కాబట్టి వచ్చే ఏడాది డిలీట్ చేసినప్పుడు పేజీలు పూర్తిగా ఖాళీ అయి వాటంతటవే విడుదలవుతాయి. కస్టమర్ నంబరు మీద కడితే ప్రతి పేజీలోనూ అక్కడక్కడా చిల్లులు పడతాయి, మళ్లీ రీబిల్డే దిక్కు.

లాగ్‌పహారా

డేటా ఫైల్ గురించి చెప్పినదంతా సరే, లాగ్ ఫైల్‌ను వదిలేశారు. ఇన్‌స్టంట్ ఫైల్ ఇనిషియలైజేషన్ లాగ్‌కు వర్తించదు. 2022 వెర్షన్‌లో 64 ఎంబీ వరకు ఉండే ఆటోగ్రోత్‌లకు మాత్రం ఇచ్చారు. 2017లో లాగ్ ఎంత పెరిగినా ప్రతి బైట్‌కూ సున్నా రాయాల్సిందే. 46 జీబీలో 10 శాతం 4.6 జీబీ, సెకనుకు 200 ఎంబీ చొప్పున 23 సెకన్లు. డేటా ఫైల్ పెరిగేటప్పుడు కొత్త చోటు కావలసినవాళ్లే ఆగుతారు, లాగ్ పెరిగేటప్పుడు ఆ డేటాబేస్‌లో ఏది రాయాలన్నా ఆగుతుంది. 512 ఎంబీ పెట్టండి, రెండున్నర సెకన్లలో తేలుతుంది.

ఇంకో చిక్కు ఉంది. లాగ్ ఫైల్ లోపల వీఎల్ఎఫ్ అనే ముక్కలుగా ఉంటుంది. తిరిగి వాడుకోవడం గానీ, ష్రింక్ చేయడం (ఫైల్‌ను కుదించడం) గానీ ముక్క లెక్కనే. 2014 నుంచి నియమం ఇది: పెరిగే మొత్తం ప్రస్తుత లాగ్ సైజులో ఎనిమిదో వంతుకన్నా తక్కువైతే ఒకే వీఎల్ఎఫ్. ఎక్కువైతే పాత లెక్క, 64 ఎంబీ లోపు 4, 1 జీబీ వరకు 8, ఆపైన 16. ఎనిమిదో వంతంటే 12.5 శాతం. మీది 10 శాతం. కాబట్టి లాగ్ ఎంత పెద్దదైనా ప్రతి గ్రోత్‌కూ ఒకే ఒక్క పెద్ద ముక్క పుడుతోంది. నాలుగు జీబీల ముక్కలో ఒక చిన్న ట్రాన్సాక్షన్ ఇంకా తెరిచి ఉన్నా ఆ ముక్కంతా తిరిగి వాడుకోడానికి కుదరదు.

2017లో సిస్ స్కీమాలోని డీఎం_డీబీ_లాగ్_ఇన్ఫోకు డేటాబేస్ ఐడీ ఇస్తే ఒక్కో వీఎల్ఎఫ్‌కు ఒక్కో లైను వస్తుంది. మొత్తం ఎన్ని, అన్నిటికన్నా పెద్దది ఎంత అనేవి చూసి చెప్పండి. అలాగే సిస్ డేటాబేసెస్‌లో లాగ్_రీయూజ్_వెయిట్_డెస్క్ కాలమ్‌లో ఏముంది? అసలు 46 జీబీ దాకా ఎందుకు పోయిందో అది చెప్తుంది.

తుంగభద్ర21

73 వీఎల్ఎఫ్‌లు. అన్నిటికన్నా పెద్దది 4.2 జీబీ. ఆ కాలమ్‌లో లాగ్_బ్యాకప్ అని ఉంది. షెడ్యూల్ ప్రకారం లాగ్ బ్యాకప్ రోజుకు ఒక్కసారి, రాత్రి 11కు.

ఖాళీ వచ్చాక డేటా ఫైల్‌ను ష్రింక్ చేసేయమని పైనుంచి అడుగుతున్నారు. చేయొచ్చా?

లాగ్‌పహారా

లాగ్ పెద్దదవడానికి కారణం దొరికింది. ఫుల్ రికవరీలో లాగ్ బ్యాకప్ అయ్యేవరకూ ఏ వీఎల్ఎఫ్‌నూ తిరిగి వాడుకోదు. రోజంతా రాసినది రోజంతా పేరుకుంటుంది. 15 నిమిషాలకు ఒక లాగ్ బ్యాకప్ పెట్టండి. మొత్తం బ్యాకప్‌ల సైజు దాదాపు అంతే ఉంటుంది, ముక్కలుగా వస్తుందంతే. పైగా సర్వర్ పోయిన రోజు పోయేది ఒక రోజు డేటా కాదు, పావుగంటది.

తర్వాత లాగ్‌ను మళ్లీ కట్టుకోవాలి. హీప్ రీబిల్డ్ అయిపోయాకే ఇది చేయండి, దానికి లాగ్ కావాలి. రద్దీ లేని వేళ లాగ్ బ్యాకప్ తీసి, డీబీసీసీ ష్రింక్‌ఫైల్‌తో లాగ్‌ను 1024 ఎంబీకి దించండి. మొదటిసారి దిగకపోవచ్చు. ప్రస్తుతం రాస్తున్న ముక్క ఫైల్ చివరన ఉంటే అక్కడితో ఆగిపోతుంది. ఇంకో లాగ్ బ్యాకప్ తీసి మళ్లీ చేయండి, రెండు మూడు సార్లలో దిగుతుంది. దిగాక 8 జీబీకి, ఆ తర్వాత 16 జీబీకి, రెండు అడుగుల్లో పెంచండి. ఒక్కో అడుగుకు 16 వీఎల్ఎఫ్‌లు, ఒక్కోటి అర జీబీ అటూఇటూగా వస్తుంది. ఒకేసారి 16 జీబీకి పెంచితే ఆ 16 ముక్కలూ దాదాపు జీబీ చొప్పున పడతాయి. 8 జీబీకి సున్నాలు రాయడానికి దాదాపు 40 సెకన్లు పడుతుంది, ఆలోగా రాతలు ఆగుతాయి, అందుకే రద్దీ లేని వేళ అన్నాను. 16 సరిపోతుందో లేదో వారం చూడండి. ఇండెక్స్ మెయింటెనెన్స్ రాత్రి ఎంత వాడుతోందన్నదే కొలత.

ఆదివారాలు లాగ్ ష్రింక్ చేసే జాబ్ ఏదైనా ఉంటే తీసేయండి. ఆదివారం తగ్గించింది సోమవారం మళ్లీ సున్నాలు రాసుకుంటూ పెరుగుతుంది.

పేజీ8కేబీ

డేటా ఫైల్ ష్రింక్ వద్దండి. మీ లెక్కతోనే చెప్తాను. రీబిల్డ్ అయ్యాక 388 జీబీ ఫైల్ లోపల 11, 8, 79 కలిపి 98 జీబీ ఖాళీ ఉంటుంది. నెలకు 6 జీబీ అంటే 16 నెలలు ఆటోగ్రో అన్న మాటే రాదు. మీకు కావలసిన ముందస్తు చోటు అదే. దాన్ని విండోస్‌కు తిరిగిచ్చి మళ్లీ మళ్లీ అడగడం ఎందుకు?

పైగా ష్రింక్ చేసే పని మంచిది కాదు. ఫైల్ చివరి పేజీ నుంచి ఒక్కొక్కటీ తీసి మొదట్లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెడుతుంది. ఇండెక్స్ వరసను పట్టించుకోదు. పూర్తయ్యేసరికి ఇండెక్స్‌లు చిందరవందర. సరిచేయడానికి రీబిల్డ్ పెడితే దానికి చోటు కావాలి, ఫైల్ మళ్లీ పెరుగుతుంది. ట్రంకేట్‌ఓన్లీ అనే ఆప్షన్ మాత్రం పేజీలను కదపదు, ఫైల్ చివరన వరసగా ఉన్న ఖాళీని మాత్రమే వదిలేస్తుంది. డేటాబేస్ ఇక ఎప్పటికీ పెరగదు అని తెలిసినప్పుడు, లేదా సగానికి పైగా శాశ్వతంగా తీసేసినప్పుడు ష్రింక్ గురించి ఆలోచించొచ్చు. ఆటో ష్రింక్ ఆప్షన్ ఆఫ్‌లో ఉందో లేదో ఇప్పుడే చూడండి.

పైవాళ్లు డిస్క్ ఖర్చు గురించి అడిగితే బ్యాకప్ సైజు చూపించండి. ఫుల్ బ్యాకప్ వాడిన ఎక్స్‌టెంట్లనే తీసుకుంటుంది, ఖాళీ 98 జీబీ అందులోకి రాదు. రీస్టోర్‌కు మాత్రం ఈ లెక్క పనికిరాదు. బ్యాకప్ చిన్నదైనా టెస్ట్ సర్వర్‌లో రీస్టోర్ చేసేటప్పుడు ఫైల్‌ను అసలు సైజుకే, అంటే 388 జీబీకి కడుతుంది. లాగ్‌కు అక్కడ కూడా సున్నాలు రాస్తుంది.

మీది వర్చువల్ మెషీన్ అయితే స్టోరేజ్ టీమ్‌ను ఒక్క మాట అడగండి, డి డ్రైవ్ థిన్‌గా ఇచ్చారా అని. థిన్ డిస్క్ మీద ఇన్‌స్టంట్ ఇనిషియలైజేషన్‌తో పెంచిన చోటు విండోస్ లెక్కలో తీసుకున్నట్టే ఉంటుంది, కింద స్టోరేజ్‌లో రాసేవరకూ పుట్టదు. పూల్ నిండితే విండోస్‌లో ఖాళీ కనబడుతూనే రాతలు ఫెయిల్ అవుతాయి.

కొత్తడీబీఏ

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. రెండో డ్రైవ్ ఇస్తే అక్కడ ఇంకో డేటా ఫైల్ చేర్చడం మంచిదేనా? అలాగే మాది పోస్ట్‌గ్రెస్, కొంత మైఎస్‌క్యూఎల్. అక్కడ కూడా ఇలాగేనా?

పేజీ8కేబీ

చేర్చొచ్చు. పాత డేటా మాత్రం దానంతటది రెండు ఫైళ్లకూ సర్దుకోదు. ఒకే ఫైల్ గ్రూప్‌లోని ఫైళ్లకు ఖాళీ నిష్పత్తిలో పంచుతుంది. మొదటి దానిలో 20 జీబీ, కొత్తదానిలో 180 జీబీ ఖాళీ ఉంటే పదింట తొమ్మిది వంతుల కొత్త రాతలు కొత్త డ్రైవ్ మీదే పడతాయి. భారం సమంగా పడాలంటే ఖాళీలు సమంగా ఉండాలి, గ్రోత్ కూడా ఒకటే ఉండాలి. 2016 నుంచి ఫైల్ గ్రూప్‌కు ఆటోగ్రో_ఆల్_ఫైల్స్ అనే ఆప్షన్ ఉంది, ఒకటి పెరిగితే అన్నీ పెరుగుతాయి.

పోస్ట్‌గ్రెస్‌లో ముందుగా సైజు పెట్టుకునే డేటా ఫైల్ లేదు. ఒక్కో టేబుల్‌కూ విడి ఫైల్, పేజీ 8 కేబీ, 1 జీబీ దాటగానే ఇంకో ఫైల్. పెరుగుదల చిన్నచిన్న అడుగులే కాబట్టి నిమిషాల తరబడి ఆగడం ఉండదు, కానీ డిస్క్ నిండేదాకా తెలియదు, డ్రైవ్ మీదే అలర్ట్ పెట్టుకోవాలి. డిలీట్ తర్వాత వాక్యూమ్ ఆ చోటును అదే టేబుల్‌కు తిరిగి వాడుకునేలా చేస్తుంది. ఫైల్ చివరన పూర్తిగా ఖాళీ అయిన పేజీలను మాత్రమే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇస్తుంది. వాక్యూమ్ ఫుల్ కొత్త కాపీ రాసి అంతా ఇస్తుంది గానీ, అంతసేపూ ఆ టేబుల్‌ను చదవడానికి కూడా కుదరదు.

మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో పేజీ 16 కేబీ, ఎక్స్‌టెంట్ 1 ఎంబీ. ఒక సెగ్మెంట్‌కు మొదటి 32 పేజీలు ఒక్కొక్కటిగా ఇస్తుంది, తర్వాత ఎక్స్‌టెంట్ చొప్పున, పెద్దదైతే ఒకేసారి 4 ఎక్స్‌టెంట్ల దాకా. 8.0.23 నుంచి ఆటోఎక్స్‌టెండ్_సైజ్ అనే ఆప్షన్‌తో టేబుల్‌కు పెద్ద అడుగు పెట్టుకోవచ్చు. విడి ఫైల్‌గా ఉన్న టేబుల్‌ను ఆప్టిమైజ్ చేస్తే చోటు తిరిగి వస్తుంది. ఐబీడేటా1 ఫైల్ మాత్రం ఒకసారి పెరిగిందంటే తగ్గదు.

తుంగభద్ర21

శనివారం రాత్రి చేసినవి రాస్తున్నాను, ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్లకు వరస తెలుస్తుందని. సర్వీస్ అకౌంట్‌కు హక్కు ఇచ్చి రీస్టార్ట్ చేశాను, ఎర్రర్ లాగ్‌లో ఎనేబుల్డ్ అని వచ్చింది. డేటా ఫైల్ 388 జీబీకి పెంచడం సెకను లోపే అయింది. హీప్ రీబిల్డ్ తర్వాత అన్‌అలొకేటెడ్ 98 జీబీ చూపించింది. లాగ్ ష్రింక్ రెండోసారికి దిగింది, ఇప్పుడు 16 జీబీ. డి డ్రైవ్‌లో ఖాళీ 96 జీబీ. గ్రోత్ డేటాకు 1024 ఎంబీ, లాగ్‌కు 512 ఎంబీ. లాగ్ బ్యాకప్ 15 నిమిషాలకు.

ఇక మీదట ఫైల్ లోపలి ఖాళీ ఎలా చూస్తుండాలి? విండోస్ అలర్ట్‌కు అది కనబడదు కదా.

మంజీర

సిస్ డేటాబేస్_ఫైల్స్‌లో సైజ్ కాలమ్ 8 కేబీ పేజీల్లో ఉంటుంది, 128తో భాగిస్తే ఎంబీ. అందులోంచి ఫైల్‌ప్రాపర్టీ ఫంక్షన్‌కు ఫైల్ పేరు, స్పేస్‌యూజ్డ్ ఇచ్చి వచ్చినదాన్ని (అదీ పేజీల్లోనే, 128తో భాగించి) తీసేస్తే లోపలి ఖాళీ. రోజుకు ఒకసారి ఏజెంట్ జాబ్‌తో తేదీ వేసి ఒక చిన్న టేబుల్‌లో రాసుకోండి. ఖాళీ 18 జీబీకి తగ్గితే మెయిల్ వచ్చేలా పెట్టండి, అంటే మూడు నెలల ముందే మీకు తెలుస్తుంది.

ఆటోగ్రో ఎప్పుడైనా జరిగిందా అనేది డిఫాల్ట్ ట్రేస్‌లో ఉంటుంది. ఈవెంట్ 92 డేటా ఫైల్‌ది, 93 లాగ్ ఫైల్‌ది. డ్యూరేషన్ మైక్రోసెకన్లలో ఉంటుంది, మిల్లీసెకన్లు అనుకుని కంగారు పడకండి. ఆ ట్రేస్ ఫైళ్లు 20 ఎంబీవి ఐదే ఉంటాయి, పాతవి చెరిగిపోతాయి, కాబట్టి అదే జాబ్‌లో వీటినీ టేబుల్‌లోకి తీసి పెట్టుకోండి.